బీరు మగ్గులో షిల్లింగు వేస్తే సైన్యంలో చేరినట్టేనా?

పాత_నాణేలు
ఒక సైట్‌లో మూడో జార్జ్ కాలపు వెండి షిల్లింగు అమ్మకానికి పెట్టారు, 1787 ముద్ర. అదే నాణెం బయట దొరికే ధరకి మూడింతలు చెబుతున్నారు. ఎందుకయ్యా అంటే అది ‘రాజుగారి షిల్లింగు’ అట, బ్రిటిష్ సైన్యంలో కొత్తగా చేరేవాడి చేతిలో పెట్టిన నాణెమట. కింద కథ కూడా రాశారు. సార్జెంటు దొంగచాటుగా కుర్రాడి బీరు మగ్గులో షిల్లింగు వేసేవాడు, తాగడం అయ్యేసరికి అది మూతికి తగిలేది, ఇక వాడు సైన్యం మనిషే. ఆ మోసం కనిపెట్టడానికే అడుగున గాజు ఉండే మగ్గులు వచ్చాయట. ఇందులో నిజమెంత? నాణెం చూసి అది చేరికప్పుడు ఇచ్చిందో కాదో తేల్చే దారేమైనా ఉందా?

గోదారి_గట్టు
రెండోదానికి జవాబు: లేదు. ఆ పని కోసం వేరే ముద్ర వేయలేదు, గుర్తు కొట్టలేదు. బజార్లో తిరిగే నాణెమే చేతిలో పెట్టేవారు. ధర పెంచడానికి కథ అతికించారు, కొనకండి.

రికార్డు_రూమ్
మొదటి ప్రశ్నకి కాస్త పొడుగ్గా చెప్పాలి. ఆ మగ్గు కథ కంటే అసలు పద్ధతి తెలుసుకోవాల్సింది.

షిల్లింగు పుచ్చుకున్నంత మాత్రాన ఎవడూ సైనికుడు కాడు. అది మనం ఇల్లు కొనేటప్పుడు ఇచ్చే బయానా లాంటిది, రిజిస్ట్రేషన్ తర్వాత జరగాలి. 18వ శతాబ్దంలో నడిచిన క్రమం ఇది. ముందు రెజిమెంటుకి ‘బీటింగ్ ఆర్డర్’ రావాలి, అంటే డ్రమ్ము కొట్టి మనుషుల్ని పోగుచేసుకోవచ్చని రాజు పేరిట ఇచ్చే అనుమతి. దాంతో ఒక అధికారి, సార్జెంటు, కార్పొరల్, డ్రమ్మరు, కొద్దిమంది సిపాయిలు ఊళ్లో దిగుతారు. ఆ కాగితం స్థానిక మేజిస్ట్రేటుకి చూపించాకే డ్రమ్ము మోగాలి. సంత రోజులూ తిరనాళ్లూ చూసుకుని వచ్చేవారు, మకాం ఎక్కువగా సారాకొట్టు పక్కనే. కుర్రాడు సరేనంటే చేతిలో షిల్లింగు, టోపీకి రంగు రిబ్బన్లు.

గడియారం అక్కడ మొదలవుతుంది. 24 గంటలు గడవకుండా వాణ్ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టకూడదు, 4 రోజులు దాటనివ్వకూడదు. ఆ 24 గంటలు మత్తు దిగడానికీ, ఇంట్లోవాళ్లకి కబురు అందడానికీ. మేజిస్ట్రేటు దగ్గర “నాకిష్టం లేదు” అంటే, పుచ్చుకున్న డబ్బు తిరిగిచ్చి, పైన 20 షిల్లింగుల ‘స్మార్ట్ మనీ’ కట్టి ఇంటికి పోవచ్చు. ఇష్టమేనంటే పేరు, పారిష్ (ఏ చర్చి పరిధిలోని ఊరు), వయసు, వృత్తి రాసుకుంటారు. తిరుగుబాటు, పారిపోవడం గురించిన యుద్ధ నిబంధనలు చదివి వినిపిస్తారు. ప్రమాణం చేయిస్తారు. ఇదంతా కలిపి అటెస్టేషన్. అది అయ్యాకే వాడు సైనికుడు.

మరి మగ్గులో నాణెం వేసి సార్జెంటుకి ఒరిగేదేమిటి? మర్నాడు వాడు మేజిస్ట్రేటు ముందు “నేను పుచ్చుకోలేదు, నాకు తెలియకుండా వేశాడు” అంటే వ్యవహారం అక్కడే ఆగిపోతుంది.

పల్నాటి_స్వాతి
రికార్డు_రూమ్ గారూ, చట్టం అలాగే ఉంది, కాదనను. కానీ ఆ తలుపు ఎవరి కోసం తెరిచి ఉంచారో చూడండి. 1790ల్లో ఇంగ్లండు పొలం కూలీకి వారానికి 8, 9 షిల్లింగులు. 20 షిల్లింగులంటే రెండు వారాల కూలికి పైమాటే, అదీ ఒక్క రోజులో తేవాలి. తాగిన మైకంలో ఒప్పుకున్న కూలివాడి చేతికి అంత డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? తల్లిదండ్రులో, పనిచేసే చోట యజమానో కట్టి విడిపించాలి. లేనివాడు ‘ఇష్టపడి’ ప్రమాణం చేయాల్సిందే. మగ్గు కథ అబద్ధమే అయినా, దాని వెనకున్న భయం అబద్ధం కాదు.

లెక్కల_మాష్టారు
స్వాతి గారి మాటకి లెక్క కూడా సరిపోతుంది. పదాతి సిపాయి జీతం 1797 వరకు రోజుకి 8 పెన్నీలు. 20 షిల్లింగులంటే 240 పెన్నీలు, అంటే 30 రోజుల జీతం. సైన్యం ఒక్కరోజు కూడా జీతం ఇవ్వకముందే నెల జీతం అడుగుతోంది! 1797లో నౌకాదళం తిరుగుబాట్లయ్యాక సైన్యానికీ జీతం పెంచి రోజుకో షిల్లింగు చేశారు. అప్పుడు కూడా అది 20 రోజుల జీతం.

రికార్డు_రూమ్
ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా కలపాలి. షిల్లింగు పుచ్చుకుని మేజిస్ట్రేటు దగ్గరికి రాకుండా ఎగ్గొడితే చేరినట్టే లెక్కగట్టేవారు, దొరికితే పారిపోయిన సైనికుడి కింద శిక్ష. “పోనీలే, కనబడకుండా పోదాం” అనే దారి కూడా మూసేశారన్నమాట.

గోదారి_గట్టు
మగ్గు కథ చెప్పేవాళ్లు సైన్యాన్నీ నౌకాదళాన్నీ కలిపేస్తారు. నౌకాదళానికి ‘ప్రెస్ గ్యాంగ్’ ఉండేది. 18 నుంచి 55 ఏళ్ల మధ్య ఓడ పని తెలిసినవాణ్ని ఇష్టంతో నిమిత్తం లేకుండా పట్టుకుపోయే అధికారం చట్టమే ఇచ్చింది. బలవంతంగా లాక్కుపోగలిగినవాడికి నాణెం మోసంతో పనేముంది? సైన్యానికి మామూలుగా ఆ అధికారం లేదు, అందుకే ఒప్పించడం, డబ్బు, రిబ్బన్లు.

పాత_నాణేలు
అర్థమైంది, థాంక్స్. నాణెం సంగతి నేను చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. 1787లో కాస్త పెద్దఎత్తున షిల్లింగులు కొట్టాక, మళ్లీ ఆ స్థాయిలో కొట్టింది 1816లో కొత్త వెండి నాణేలు తెచ్చినప్పుడే. మధ్యలో సాగినది ఫ్రాన్సుతో యుద్ధం, సైన్యం చేరికలు బాగా పెరిగిన కాలం. అంటే అప్పుడు చేతుల్లో పడినవి చాలావరకు అరిగిపోయి, రాజు ముఖం కూడా ఆనవాలు పట్టలేని పాత షిల్లింగులై ఉండాలి. 1816కి ముందు షిల్లింగు బరువు సుమారు 6.02 గ్రాములు, ఆ తర్వాత 5.65. కాబట్టి ‘చేరిక నాణెం’ అని మెరిసే నాణెం చూపిస్తే ఇంకా ఎక్కువ అనుమానించాలి.

లెక్కల_మాష్టారు
అందరూ షిల్లింగు దగ్గరే ఆగిపోతున్నారు, అసలు డబ్బు అది కాదు. అసలు డబ్బు ‘బౌంటీ’, సైన్యంలో చేరినందుకు ఇచ్చే మొత్తం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యేటప్పుడు 1775లో అది గిన్నీన్నర (గిన్నీకి 21 షిల్లింగులు, పౌండుకి 20). అంటే 1 పౌండు 11 షిల్లింగుల 6 పెన్నీలు. నెపోలియన్‌తో యుద్ధం ముదిరి 1812 వచ్చేసరికి జీవితాంతం సేవకి ఒప్పుకుంటే 23 పౌండ్ల 17 షిల్లింగుల 6 పెన్నీలు, గడువు సేవకైతే 18 పౌండ్ల 12 షిల్లింగుల 6 పెన్నీలు. గడువు సేవ 1806లో వచ్చింది, పదాతికి 7 ఏళ్లు. తేడా సరిగ్గా 5 గిన్నీలు. అంటే మిగిలిన జీవితమంతటికీ కట్టిన ఖరీదు 5 గిన్నీలు! ఎంతమంది ఆ 5 గిన్నీల కోసం జీవితకాలానికి సంతకం పెట్టి ఉంటారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

పైగా ఆ మొత్తం ఒకేసారి చేతికి రాదు. అటెస్టేషన్ అప్పుడు కొంత, మధ్యలో వైద్యుడూ అధికారీ చూసి సరేనన్నాక కొంత, రెజిమెంటు కేంద్రానికి చేరి తుది ఆమోదం పడ్డాక మిగిలింది. దాంట్లోంచి ‘నెసెసరీస్’ పేరుతో కోత: చొక్కాలు, మేజోళ్లు, బూట్లు, వీపు సంచి, బ్రష్షులు, బూట్ల నల్ల రంగు. ఆపైన చేర్పించిన జట్టుకి తాగించడం ఆనవాయితీ. కోటు ప్రభుత్వానిదే గానీ చొక్కా వాడి బౌంటీలోంచే.

కంటోన్మెంట్_కబుర్లు
విడతలుగా ఇవ్వడానికి కారణం పిసినారితనం ఒక్కటే కాదు. బౌంటీ పెరిగేకొద్దీ దాని మీద బతికే రెండు వర్గాలు పుట్టాయి.

ఒకటి దళారులు, అక్కడ ‘క్రింపు’లనేవారు. అప్పులిచ్చో తాగించో కుర్రాళ్లను ఇళ్లలో బంధించి, తలకింతని సైన్యంలో చేర్పించే జట్లకు అమ్మేవారు. 1794 ఆగస్టులో అలాంటి ఇంటి కిటికీలోంచి పడి ఒకడు చనిపోతే లండన్‌లో జనం తిరగబడి ఆ ఇళ్లను పగలగొట్టారు.

రెండోది డబ్బు పుచ్చుకుని పారిపోయి, పేరు మార్చి ఇంకో రెజిమెంటులో చేరేవాళ్లు. ఫోటోలు లేవు, వేలిముద్రలు లేవు. అందుకే అటెస్టేషన్ కాగితాల్లో ఎత్తు, జుట్టు రంగు, కళ్ల రంగు, ఒంటి ఛాయ, మచ్చలు రాసేవారు. పారిపోతే ఆ వివరాలే ప్రకటన. దొరికినవాడి ఒంటిపై ‘డి’ అక్షరం (డిజర్టర్, అంటే పారిపోయినవాడు) పచ్చబొట్టులా పొడిచేవారు, ఇంకోచోట చేరబోతే వైద్యుడు బట్టలిప్పి చూసినప్పుడు బయటపడేలా. ఆ పద్ధతి 1871లో గానీ పోలేదు. సేవలో చేరేటప్పుడు చేసే వైద్య పరీక్షలో సగం పని పాత గుర్తులు వెతకడమే.

రికార్డు_రూమ్
ముగింపు తేదీలు కూడా చెప్పేస్తాను. 1870లో యుద్ధ మంత్రి కార్డ్‌వెల్ స్వల్పకాల సేవ తెచ్చాడు, కొత్తవాళ్ల బౌంటీ ఆగింది. షిల్లింగు ఇవ్వడం అధికారికంగా 1879లో ఆగింది. మాటగా మాత్రం ఇంకా వాడతారు.

కరీంనగర్_క్రాంతి
మరి మనవాళ్లు? ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు కదా. వాళ్లకి కూడా చేరేటప్పుడు ఇలాంటిదేమైనా ఇచ్చేవారా?

విశాఖ_లైట్‌హౌస్
ఇంగ్లండు బౌంటీ లాంటిది ఇక్కడి చేరికల్లో పెద్దగా కనబడదు. ఇక్కడ లాగింది నెలనెలా తప్పకుండా వచ్చే జీతం (19వ శతాబ్దంలో సిపాయికి నెలకి 7 రూపాయలు), ఆ తర్వాత పింఛను. మద్రాసు సైన్యానికి రెండు ప్రత్యేకతలున్నాయి. ఒకటి, ‘రిక్రూట్ బాయ్స్’: చనిపోయిన సిపాయిల పిల్లల్ని చిన్నప్పుడే పటాలం పట్టీలోకి ఎక్కించి భత్యం ఇచ్చేవారు, పెద్దయ్యాక వాళ్లే సిపాయిలు. రెండు, సిపాయి దూరం పోయినప్పుడు జీతంలో కొంత ఇంటి దగ్గరే కుటుంబానికి అందే ఏర్పాటు. చేరినరోజు డబ్బు చేతిలో పోసే బదులు ఇంటికి భరోసా ఇచ్చారు. నా ఉద్దేశంలో మనిషిని నిలబెట్టడానికి ఇదే గట్టిది.

కానీ చేరేటప్పుడు ఏం ఒప్పుకున్నారన్న గొడవ ఇక్కడా వచ్చింది. 1780 అక్టోబరు 3న విశాఖలో ఉత్తర సర్కారుల సిపాయిల్ని హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడ ఎక్కి మద్రాసు వెళ్లమన్నారు. వాళ్లు తిరగబడ్డారు, అధికారులు చనిపోయారు. ఒప్పుకోలులో సముద్రం ఉందా లేదా అన్నది ఓడ రేవు దగ్గర తేల్చుకోవాల్సిన విషయం కాదు.

కంటోన్మెంట్_కబుర్లు
దీనికి కొనసాగింపు: 19వ శతాబ్దం చివర్లో ‘యుద్ధ జాతులు’ (కొన్ని జాతులవాళ్లే పోరాటానికి పనికొస్తారు) అనే సిద్ధాంతం పట్టుకుని తెలుగువాళ్ల చేరిక దాదాపు ఆపేశారు. ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక, 1917 జనవరి నుంచి ఉచిత రేషను, ఆ ఏడాది జూన్ నుంచి కొత్తగా చేరే పోరాట సిపాయికి 50 రూపాయల బోనసు పెట్టారు. అప్పటి జీతం నెలకి 11 రూపాయలు. నాలుగున్నర నెలల జీతం ముందే ఇవ్వాల్సి వచ్చిందంటే కొరత ఏ స్థాయిలో ఉందో చూడండి.

డాలస్_తమ్ముడు
విడతల గురించి కంటోన్మెంట్ గారు చెప్పినదానికి అమెరికా అంతర్యుద్ధం కంటే మంచి ఉదాహరణ లేదు.

1861లో ఫెడరల్ బౌంటీ 100 డాలర్లు, అది కూడా గౌరవంగా విడుదలయ్యాక. సిపాయి జీతం నెలకి 13 డాలర్లు. 1862 జూలై నుంచి అందులో 25 డాలర్లు ముందే ఇచ్చారు. 1863 మార్చిలో నిర్బంధ చేరిక చట్టం వచ్చింది, ఒక్కో జిల్లాకి ఇన్ని తలలని కోటా. స్వచ్ఛందంగా చేరినవాళ్లతో కోటా నిండితే ఆ ఊళ్లో నిర్బంధ చేరికకి లాటరీ తీయరు. దాంతో ఊళ్లూ కౌంటీలూ రాష్ట్రాలూ పోటీపడి సొంత బౌంటీలు పెట్టాయి. ఫెడరల్ మొత్తం కూడా కొత్తవాడికి 300, అనుభవమున్నవాడు మళ్లీ చేరితే 402కి పెరిగింది. అన్నీ కలిపితే కొన్నిచోట్ల వెయ్యి డాలర్లు దాటింది.

తేడా ఎక్కడ వచ్చిందంటే ఫెడరల్ డబ్బు వాయిదాల్లో వచ్చేది, ఊరి డబ్బు చాలాచోట్ల చేరినరోజే నగదుగా చేతిలో పడేది. ‘బౌంటీ జంపర్లు’ పుట్టింది ఆ నగదు దగ్గరే. తప్పుడు పేరుతో చేరడం, డబ్బు పుచ్చుకోవడం, శిబిరానికి తీసుకెళ్లే రైల్లోంచి దూకేయడం, పక్క జిల్లాలో మళ్లీ చేరడం. 32 సార్లు ఇలా చేశానని ఒప్పుకున్నవాడు ఒకడున్నాడు, 4 ఏళ్ల జైలు పడింది. మధ్యలో బ్రోకర్లు సగానికి సగం మింగేవారు. చివరికి కొత్తవాళ్లని కాపలా మధ్య, ఖైదీల్లా దీవుల మీద ఉంచి పంపాల్సి వచ్చింది. నిజంగా దేశం కోసం చేరినవాడికి కూడా అదే తుపాకీ కాపలా.

పల్నాటి_స్వాతి
అదే సమయంలో నల్లజాతి సైనికులకి ఇచ్చింది నెలకి 10 డాలర్లు, అందులో 3 బట్టలకని కోత. మొదట బౌంటీ కూడా లేదు. 1864 జూన్‌లో గానీ జీతం సమానం చేయలేదు. 54వ మసాచుసెట్స్ రెజిమెంటు తక్కువ జీతం వద్దంటూ నెలల తరబడి ఏ జీతమూ ముట్టలేదు. బౌంటీల చరిత్ర రాసేటప్పుడు ఈ ముక్క వదిలేయకూడదు.

కరీంనగర్_క్రాంతి
క్రింపుల గురించి చదువుతుంటే మన పిల్లలకి జరిగిందే గుర్తొస్తోంది. రష్యా సైన్యంలో ఒప్పందం కుదుర్చుకునేవాళ్లకి 2024 జూలై చివర్లో కేంద్ర చెల్లింపు 195 వేల నుంచి 4 లక్షల రూబుళ్లకి పెంచారు, మాస్కో నగరం విడిగా 19 లక్షల రూబుళ్లు ప్రకటించింది. అంతకుముందే తెలంగాణతో సహా పలు రాష్ట్రాల కుర్రాళ్లని ‘హెల్పర్’ ఉద్యోగమని, సెక్యూరిటీ పనని చెప్పి తీసుకెళ్లి, చదవలేని రష్యన్ కాగితాల మీద సంతకాలు పెట్టించారు. హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయినట్టు 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అదే నెలలో సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టి ఏడు నగరాల్లో సోదాలు చేసింది.

ఇక్కడ 24 గంటల గడువూ లేదు, మేజిస్ట్రేటూ లేడు. కుర్రాడి భాషలో నిబంధనలు చదివి వినిపించిన నాథుడూ లేడు. 18వ శతాబ్దపు ఇంగ్లండు కూలీకి ఉన్నపాటి రక్షణ కూడా వీళ్లకి దక్కలేదు.

రికార్డు_రూమ్
క్రాంతి గారూ, సరిగ్గా చెప్పారు. అందుకే ఆ అటెస్టేషన్ తంతుని తేలిగ్గా తీసుకోకూడదు. చేర్చుకునేవాడు కాని మూడో మనిషి ఎదుట, గడువిచ్చి, అర్థమయ్యే భాషలో ఒప్పుకోలు చెప్పించడం. అమలులో ఎన్ని లోపాలున్నా ఆ చట్టం పట్టుకోవాల్సిన చోటునే పట్టుకుంది.

గోదారి_గట్టు
మన సైన్యంలో చేరేటప్పుడు డబ్బేమీ ఇవ్వరు. ఇక్కడ వ్యవహారం తలకిందులు, భర్తీ ర్యాలీల చుట్టూ తిరిగే దళారులకి కుర్రాళ్లే లక్షలు పోసి మోసపోతున్నారు. భర్తీ ఉచితమని సైన్యం ప్రతిసారీ ప్రకటన ఇస్తూనే ఉంటుంది. మరి అగ్నివీరుల సేవానిధి బౌంటీ కిందకి వస్తుందా?

లెక్కల_మాష్టారు
రాదు, అది పోయేటప్పుడు ఇచ్చే డబ్బు. నెల ప్యాకేజీ నాలుగేళ్లకి వరుసగా 30,000, 33,000, 36,500, 40,000. అందులో 30 శాతం నిధికి పోతుంది: 9,000, 9,900, 10,950, 12,000. నాలుగేళ్లకి 5.02 లక్షలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో సుమారు 11.71 లక్షలు, ఆదాయపు పన్ను లేదు. సొంత కోరిక మీద మధ్యలో మానేస్తే తన వాటా, దాని మీద వడ్డీ మాత్రమే, ప్రభుత్వ వాటా రాదు.

బౌంటీ జంపర్ల బెడద దీంట్లో పుట్టే అవకాశమే లేదు. కానీ ఒకటి గమనించాలి. ఆ మొత్తంలో దాదాపు సగం కుర్రాడి జీతంలోంచి కోసినదే. దాన్ని ‘ఇచ్చే డబ్బు’ అని మొత్తంగా ప్రచారం చేయడం నాకు నచ్చదు. చేతికొచ్చేది మొదటి ఏడాది నెలకి 21,000 అని ముందే చెప్పాలి.

విశాఖ_లైట్‌హౌస్
డాలస్_తమ్ముడు గారూ, ఇప్పటి అమెరికా సైన్యం 50,000 డాలర్ల దాకా ఇస్తామంటోంది కదా. గ్రీన్ కార్డున్న మనవాళ్ల పిల్లలు ఆ ప్రకటనలు చూసి అడుగుతున్నారు. అది ఎలా వస్తుంది?

డాలస్_తమ్ముడు
50,000 అనేది గరిష్ఠం, 2022 జనవరిలో ప్రకటించారు. 6 ఏళ్ల ఒప్పందానికి, కొరత ఉన్న కొన్ని కొలువులకి, రకరకాల బోనసులు కలిస్తే గానీ అంత రాదు. ఏ కొలువుకి ఎంత అన్న పట్టిక తరచూ మారుతుంది. గ్రీన్ కార్డుతో చేరొచ్చు, కానీ రహస్య సమాచారం చూసే అనుమతి కావాల్సిన కొలువులకి పౌరసత్వం ఉండాలి. పెద్ద బోనసుల్లో కొన్ని అలాంటి వాటికే ఉంటాయి.

సంతకం పెట్టినరోజు డబ్బు రాదు. ప్రాథమిక శిక్షణ, ఆ కొలువు శిక్షణ రెండూ పూర్తయ్యాక మొదటి విడత, పెద్ద మొత్తమైతే మిగిలింది ఏటా ఒక విడత. ప్రతి విడతలోనూ ఫెడరల్ పన్ను 22 శాతం ముందే పట్టుకుంటారు. శిక్షణలో తప్పి వేరే కొలువుకి మారితే ఆ కొలువు కోసం ఇస్తామన్న బోనసు పోవచ్చు. రిక్రూటరు నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. ఒప్పంద పత్రం, అంటే డీడీ ఫారం 4, దానికి జతచేసిన అనుబంధంలో కొలువు పేరు, మొత్తం, ఎన్నేళ్లు అన్నీ ఉన్నాయో లేదో ప్రమాణానికి ముందే చదవాలి.

పల్నాటి_స్వాతి
ఇచ్చిన డబ్బు వెనక్కి అడిగిన ఉదంతం కూడా ఉంది కదా? కాలిఫోర్నియాలో.

డాలస్_తమ్ముడు
ఉంది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలప్పుడు కాలిఫోర్నియా నేషనల్ గార్డ్‌లో అర్హత లేనివాళ్లకి కూడా అధికారులు తిరిగి చేరే బోనసులు మంజూరు చేశారు, చాలామందికి 15,000 డాలర్లూ ఆపైన. ఏళ్ల తర్వాత దాదాపు 10,000 మందిని వెనక్కి కట్టమన్నారు. 2016 అక్టోబరులో గగ్గోలు పుట్టాక రక్షణ శాఖ వసూళ్లు ఆపించింది. తప్పు చేసింది మంజూరు చేసినవాళ్లు, నోటీసు వచ్చింది యుద్ధం చేసొచ్చినవాళ్లకి. నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

లెక్కల_మాష్టారు
మామూలుగా మధ్యలో బయటికొస్తే ఎంత వెనక్కి కట్టాలి? ఉదాహరణకి 4 ఏళ్లకి 20,000 అనుకుందాం.

డాలస్_తమ్ముడు
ఎందుకు బయటికొచ్చాడన్నదాన్ని బట్టి ఉంటుంది. క్రమశిక్షణ కారణంగా 3 ఏళ్లకి పంపేస్తే, చేయని ఏడాదికి సంబంధించిన నాలుగో వంతు, అంటే 5,000 సంపాదించనిది కింద లెక్క. అప్పటికే చేతికొచ్చి ఉంటే తిరిగి వసూలు చేస్తారు, రాకపోతే ఆ విడత ఆగిపోతుంది. యుద్ధంలో గాయపడి వైద్య కారణంతో విడుదలైతే వసూలు చేయరు. అనుబంధంలో తిరిగి చెల్లింపు గురించి ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. పిల్లలు అడిగితే ముందు ఆ భాగం చదివించి, తర్వాత మొత్తం అంకె చూపించండి.